మూడో పోటు

మార్చి నెలాఖరు. లేక్ ఆఫ్ ది వుడ్స్ మీద
షెడ్లు లాగేసుకోవడానికి ఇంక రెండు రోజులే గడువు.
జనవరిలో ఇక్కడొక ఊరు ఉండేదట:
వీధులు, మలుపు గుర్తులు, పొగగొట్టాలు,
బోడెట్ నుంచి పిజ్జా మోసుకొచ్చే కుర్రాడు కూడా.
ఇప్పుడు ఆ ఊరంతా
నల్లబడిన చతురస్రాలు,
పొద్దుతిరుగుడు గింజల పొట్టు,
ఎవరిదో ఒంటి చేతి తొడుగు.

సిగ్నీ ముందు నడుస్తోంది.
అరవై ఏడేళ్లు, మగవాళ్ల బూట్లు,
మెడలో తాడుకి రెండు మంచు మేకులు.
ఆమె కన్నా ముందు ఆమె గునపం,
సంతలో పుచ్చకాయ తట్టి చూసినట్టు
ప్రతి అడుగునీ తట్టి చూస్తూ.
"నేను పొడిచిన చోటే కాలు పెట్టండి."
వెనక స్లెడ్జి లాగుతూ డ్వేన్, రిటైరైన పోస్ట్‌మేన్.
ఆ వెనక నేను,
గ్రాండ్ ఫోర్క్స్ ఆస్పత్రిలో అల్ట్రాసౌండ్ తీసేదాన్ని,
సెలవు పెట్టి, నూట నలభై డాలర్లు కట్టి
ఒక్క చేపను చూద్దామని.

బర్మా తిరిగింది.
అడుగున్నర దాకా తెలుపు, ఆపైన బూడిద రంగు,
తర్వాత ఎవరో గుటక వేసిన చప్పుడు.
నీళ్లు.

కన్నం పక్కన చిన్న తెర పెట్టింది సిగ్నీ.
"చదవడం కష్టం. మెల్లగా నేర్పుతా" అంది.
నవ్వొచ్చింది.
ఎర్ర పట్టీ అడుగు. సన్నటి పచ్చగీత నా గాలం.
ఆ రెంటి మధ్యా మసగ్గా కదిలేది ప్రాణం.
పద్నాలుగేళ్లుగా ఇదే కదా నా పని.
జెల్లు రాసి, గదిలో దీపం తగ్గించి
వాళ్లకంటే ముందు నేను చూసేస్తాను:
కొట్టుకునేదాన్నీ,
కొట్టుకోవడం మానేసినదాన్నీ,
ఉండకూడని చోట ఉన్న నీడనీ.
"డాక్టరుగారు చెప్తారు" అంటాను.
ముఖంలో ఏమీ కదలకుండా అంటాను.
నీళ్లు నమలడానికే నాకు జీతం.

రెండు గంటలు. హీటరు మీద డ్వేన్ సాసేజి మాడింది.
మా బకెట్లో బతికున్న ఎరలు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతున్నాయి.
పదకొండున్నరకి
అడుగు పట్టీ నుంచి ఒక ముద్ద విడివడింది.
లేస్తోంది. ఆగింది. మళ్లీ లేస్తోంది.
"ఊపిరి బిగబట్టండి" అని రోజుకి ఎందరికి చెప్తానో,
ఎవరూ చెప్పకుండానే బిగబట్టాను.

అప్పుడు మంచు మూలిగింది.
పొద్దుట్నుంచీ మూలుగుతూనే ఉంది,
కానీ ఈసారి సిగ్నీ కాఫీ కింద పెట్టేసింది.
గునపం తీసుకుని బయటికెళ్లింది.
ఒక పోటు.
రెండు.
మూడో పోటుకి ఆమె భుజం ముందుకి తూలింది.

వంగి ఒక ముక్క తీసింది.
వేలితో తోస్తే
విప్పిన అగ్గిపుల్లల కట్టలా నిలువునా రాలిపోయింది.
ఆ క్షణం నాకు బాగా తెలుసు.
చూసినవాళ్లు ముఖం సర్దుకునే క్షణం.
ఆమె సర్దుకోలేదు.
"కుళ్లిపోయింది. పొద్దున బాగుందనుకున్నా, తప్పు నాదే.
లేవండి. దారాలు కోసెయ్యండి."
"చేప కిందే ఉంది, ఒక్క నిమిషం" అన్నాడు డ్వేన్.
"నీకెన్నేళ్లు?"
"డెబ్భై ఒకటి."
"డెబ్భై రెండు చూడాలనుందా?"

కోశాను.
ప్లగ్గు పీకేదాకా తెరమీద ఆ ముద్ద అక్కడే ఉంది,
కదలకుండా, ఎందుకో నావైపే.

పదేసి అడుగుల ఎడంతో నడిచాం,
ఒకరు మునిగితే ఒకరే మునిగేటట్టు. ఆ మాటా ఆమే చెప్పింది,
వాతావరణం చెప్పినట్టు.
ఒడ్డున ట్రక్కు తలుపు మీద పెట్టి
నాకు డెబ్భై డాలర్లు లెక్కపెట్టి ఇచ్చింది.
వద్దన్నాను. సగం రోజే కదా, అంది.

రేపు ఎనిమిదింటికి నా మొదటి పేషెంటు.
రూల్సు మారలేదు, నేను చెప్పగలిగేదీ మారలేదు.
స్టీరింగు మీద చేతులు ఎర వాసనేస్తున్నాయి.
అద్దంలో, దూరంగా,
గునపం దిగిన చోట సిగ్నీ గుచ్చొచ్చిన స్ప్రూస్ కొమ్మ
గాలికి వంగి లేస్తూ
ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ.